మొక్కు కాని గుండు

నా చిన్నప్పుడు, దేశం కాని దేశంలో, పారమట్టాలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో, ఒక ఆదివారం పొద్దున నాన్న అమ్మకు గుండు చేశారు. తలుపు సందులోంచి చూస్తున్న నన్ను, సాయానికని గుంటూరు నుంచి వచ్చిన మా మేనత్త వంటింట్లోకి లాక్కెళ్లింది. "నీకు చదువు బాగా రావాలని మీ అమ్మ వెంకన్నకి మొక్కుకుందే పిచ్చిదానా. తలనీలాలిస్తోంది. దండం పెట్టుకో," అంది. పెట్టుకున్నాను.

నేను బడికి పోయేదాన్ని కాదు, అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. అందుకని ఆ మాట నాకు సూటిగా తగిలింది. లెక్క తప్పినప్పుడల్లా భయంగా అమ్మ తల వంక చూసేదాన్ని. ఆమె వాంతి చేసుకుంటే, నేను సరిగ్గా చదవనందుకు స్వామికి కోపమొచ్చిందనుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని నాన్న ఆఫీసు వణికిపోతున్న రోజులవి. వాటికి రాబోయే జబ్బు గురించి మా ఇంటికొచ్చే అంకుల్స్ కాఫీలు తాగుతూ గొంతెత్తి వాదించుకునేవారు. అమ్మ జబ్బు దగ్గరికొచ్చేసరికి, నేను కనబడగానే నోళ్లు మూతపడేవి. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఒకరోజు భాగహారం ఎంతకీ రాలేదు. పుస్తకం విసిరికొట్టి, "నాకు చదువొద్దు! నీ జుట్టు నీకిచ్చేయమని స్వామికి చెప్పు. ప్లీజ్, యూ టెల్ హిమ్!" అని ఏడ్చాను. నాన్న నాకు అంతా చెప్పేశారనే అనుకుంటోందట అమ్మ. సంగతి అర్థమయ్యాక గోడ పట్టుకుని లేచింది. అంత నీరసంలో ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో!

"వదినా, నా జబ్బు తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టారా? అదీ దేవుడి పేరు చెప్పి?"

"పసిదానికి క్యాన్సరని ఎట్లా చెప్తామమ్మా, జడుసుకోదూ?"

"ఇప్పుడు జడుసుకోలేదా?"

అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తన రొమ్ములో గడ్డ పుట్టిందనీ, దాని పేరు క్యాన్సరనీ, జుట్టు ఊడుతుంటే చూడలేక గుండు చేయించుకుందనీ, అది మందు వల్లే గాని నా వల్ల కాదనీ చెప్పింది. చచ్చిపోతావా అని అడిగాను. "తెలీదమ్మా. బతకాలనే ఈ మందు," అంది.

నాకు అత్త మీద, నాన్న మీద, స్వామి మీద కూడా కోపమొచ్చింది. అదీ చెప్పేశాను. తప్పు, లెంపలేసుకో అనలేదు అమ్మ. "నాకూ వచ్చింది ఆయన మీద. రా, ఇద్దరం కలిసే అడుగుదాం," అంటూ దేవుడి అల్మారా ముందుకు తీసుకెళ్లింది. ఆ సాయంత్రం మేం స్తోత్రాలు చదవలేదు, ఆయనతో పోట్లాడాం.

ఆ తర్వాత అమ్మ కొన్నేళ్లే ఉంది. ఆ కొన్నేళ్లలో మా మధ్య ఒక్క గుసగుస లేదు. అందుకు స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆపైన నాకు అన్నం కలిపిపెట్టి పెంచింది అత్తే, ఆమె రుణం తీర్చలేను. కానీ ఆ అబద్ధాన్ని మాత్రం క్షమించలేదు. పిల్లలు గదిలోకి రాగానే మాట మింగేసే పెద్దల్ని చూస్తే ఈనాటికీ నాకు అంతే మంట. దీపం పెట్టి ఏవేవో కోరుకుంటాను గాని, ఆ కోపం తీసెయ్యమని మాత్రం ఎన్నడూ అడగలేదు.