పంతులుగారి మెంతి ట్రే

హాల్లో కిటికీ కింద బల్ల మీద నేను మెంతులు చల్లిన మొదటి ట్రే బూజు పట్టింది. రెండోదీ అంతే. మూడోది కంపు కొడుతున్న రోజున పైవాటాలో ఉండే పంతులుగారు స్టీలు గిన్నె నిండా మెంతి పట్టుకొచ్చి మా ఆవిడ చేతికిచ్చారు. మొలక రెండాకులు విప్పగానే కత్తిరించి తినేస్తారే, ఈమధ్య మైక్రోగ్రీన్స్ అంటున్నారు, అది.

"చూడండి, ఎంత లేతగా ఉందో! ఒక్క ఇసుక రేణువూ లేదు," అంది మా ఆవిడ నాతో. "మీ ట్రే పుణ్యమా అని హాల్లో కూర్చోలేకపోతున్నాను."

నా కడుపు మండింది. నేను పెనుగొలనులో పొలం గట్ల మీద పెరిగినవాణ్ణి. ఆయన పెళ్లిళ్లు చేయించే పురోహితుడు, నాగలి పట్టి ఎరుగరు. పైగా ముహూర్తాలూ శకునాలూ ఒట్టి భ్రమలని ముప్పై ఏళ్లుగా తిరువూరు, విస్సన్నపేట సభల్లో గొంతు చించుకున్నది నేను. అలాంటి నన్ను మెంతి దగ్గర ఓడించడానికి ఈయన దొరికాడా?

ఆ తర్వాత మా పప్పులో ఆయన మెంతే పడింది. ప్రతి ముద్దకీ మా ఆవిడ ఆయన్ని మెచ్చుకునేది. నేను పెంచిన మెంతి ఒక్కసారి ఆమె పప్పులో పడి ఆ మాట నేను వింటే చాలనిపించింది. నాలుగో ట్రేలో ఇంకాస్త చివికిన పశువుల ఎరువు వేశాను. చెంబుతో పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. మూడు రోజుల్లో తెల్లటి బూజు లేచింది.

ఇక ఆగలేక మేడెక్కాను. బనీనుతో నేల మీద కూర్చున్న పంతులుగారి ముందు నాలుగు ట్రేలున్నాయి, పక్కన ఒక నోటుపుస్తకం.

"దీనికి ఏ మంత్రమండీ పంతులుగారూ?" అన్నాను ఎకసెక్కంగా.

"కూర్చోండి సార్," అన్నారాయన నవ్వుతూ. "పెళ్లిలో పాలికలు పెడతాం కదండీ, మట్టి మూకుళ్లలో నవధాన్యాలు. అవి బూజు పడితే అపశకునమని పెళ్లివాళ్లు నా మీద పడేవాళ్లు. మరి నా తిప్పలు నేను పడాలి కదా! రెండు మూకుళ్లు పెట్టి, ఒకదానికి మంత్రం చదివి ఇంకోదానికి చదవకుండా చూశాను."

నేను ఆయన ఎదురుగా చతికిలబడ్డాను. "తేడా?"

"ఏమీ లేదండి. నీళ్లు ఎక్కువైతేనే తేడా."

"మరి ఇప్పటికీ చదువుతున్నారే?"

"పెళ్లికి చదువుతానండి. పప్పులోకి చదవను."

నోటుపుస్తకం నా ముందు పెట్టారు. ఎన్ని గంటలు నానేస్తే ఎలా మొలిచిందో, ఎన్నాళ్లు బరువు పెట్టి మూసి ఉంచితే కాడ ఎంత సాగిందో, ఒక్కోసారి ఒక్కటే మార్చి రాసుకున్నారు. పరీక్షించి నమ్మండి అని ఊరూరా చెప్పిన నేను నాలుగు ట్రేలు ఒకే తప్పుతో పెట్టాను. మా నాన్న పొలానికి ఎరువు తోలాడు కాబట్టి నేనూ తోలాను. ఆచారం అంటే ఇంకేమిటి? మెంతి మీద ఉన్న అసూయ ఆ క్షణంలో ఆ పుస్తకం మీదికి మళ్లింది, రెట్టింపై.

"ఇంట్లో ట్రేకి ఎరువెందుకండీ, గింజలోనే పది రోజుల తిండి ఉంటుంది," అన్నారాయన. "తడి కొబ్బరిపొట్టు చాలు. నీళ్లు పైనుంచి పోయొద్దు, కింద పళ్లెంలో పోయండి."

పళ్లు కొరుక్కుంటూ, ఈసారి మా ఆవిడ కంటపడకుండా వెనకగది కిటికీలో, అలాగే చేశాను. తొమ్మిదో రోజు ఒత్తుగా లేచింది. మా ఆవిడ గుడికెళ్లినప్పుడు సగం ట్రే కత్తిరించి, కడిగి, వంటింట్లో పంతులుగారి గిన్నెలో పెట్టాను.

మధ్యాహ్నం మొదటి ముద్దకే అంది, "పంతులుగారి మెంతికి సాటి లేదండీ."

"అది నాది."

"మీదా?" నవ్వింది. "ఊరందర్నీ అడుగుతారుగా, రుజువేదీ?"

ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమచేత్తో ట్రే తెచ్చి కంచం పక్కన పెట్టాను. కోసిన కాడల్ని వేలితో తాకి చూసింది. "బాగా పండించారు," అంది మనస్ఫూర్తిగా. నెలరోజులుగా నేను ఎదురుచూసిన మాట. ఆ వెంటనే, "ఇంతకీ ఎవరు నేర్పారు?" అంది.

పంతులుగారు అని చెప్పడానికి నాకు మూడు ముద్దల సేపు పట్టింది.