మంచు కురిసిన రోజు అమ్మ డబ్బాలన్నీ బోర్లించింది

మా చిన్నప్పుడు... రెండువేల ఆరు, జూన్ నెల, ఒక సోమవారం. భూగోళం కింది సగంలో ఉన్న మాకు జూన్ అంటే నడి చలికాలం. మేమప్పుడున్న టిమారు ఊళ్ళో తెల్లారేసరికి వాకిలి లేదు. అంటే ఉంది, మంచు కింద ఎక్కడో ఉంది. కరెంటు లేదు. స్కూలు లేదని నాన్న బ్యాటరీ రేడియోలో విని చెప్పాడు.

కానీ ఆ పొద్దున నన్ను ఆశ్చర్యపరిచింది మంచు కాదు... వంటింటి గట్టు మీద మూడు డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. మినపప్పు డబ్బా, ఇడ్లీ రవ్వ డబ్బా, మాగాయ సీసా.

బోర్లించడం. ఈ మధ్యే తెలుగులో రాయడం నేర్చుకుంటున్నాను కదా, ఈ మాట రాస్తుంటే ఎంత బాగుందో... ఆ రోజు మాత్రం చూడగానే భయమేసింది.

ఎందుకంటే మా ఇంట్లో ఏ డబ్బా అడుగూ కనపడకూడదు. పప్పు పోసేముందు అమ్మ అడుగున మిగిల్చిన గుప్పెడు తీసి పక్కన పెట్టి, కొత్తది పోశాక పైన వేసేది. ఆ గుప్పెడు ఎప్పటికీ అలా తిరుగుతూ ఉండాల్సిందే. పైగా మా ఊళ్ళో ఇండియన్ షాపు లేదు. ఏది కావాలన్నా క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి తెచ్చుకోవాలి. మంచు పడి దారులు మూసుకుపోయే కాలంలో ఎవరైనా ఉన్న పప్పంతా ఊడ్చి నానబోస్తారా?

అమ్మ డబ్బాలు బోర్లించడం అంతకుముందు ఒక్కసారే చూశాను... టిమారుకి రాకముందు మేమున్న హామిల్టన్‌లో. నాన్న కాంట్రాక్టు అయిపోయి, ఇల్లు ఖాళీ చేసే ముందు.

ఆ మంచు రోజుకి నాకు ఏడేళ్ళు. టిమారు వచ్చాక చాలా రోజులు స్కూల్లో ఎవరూ నా పక్కన కూర్చోలేదు. చివరికి పక్కింటి టిల్లీ కూర్చుంది. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. మళ్ళీ ఊరు మారితే టిల్లీ ఉండదు...

అందుకని నిఘా మొదలుపెట్టాను.

కరెంటు లేక స్టవ్ పనిచెయ్యదు కదా, అమ్మ హాల్లో కట్టెల హీటర్ మీద ఇనప మూకుడు పెట్టింది. బాగా నూనె పోసి, రాత్రే రుబ్బిన పిండి మందంగా వేసి, పైన మూత. దిబ్బరొట్టె. సన్నటి సెగ మీద గంట పట్టినా పట్టొచ్చు. మామూలు రోజుల్లో అడిగితే "పప్పు దండగ, పండక్కి చూద్దాం" అనేది. ఆ రోజు నేను అడగనేలేదు.

అమ్మా నాన్నా హీటర్ దగ్గర నిలబడి గుసగుసలు. నేను వెళ్ళగానే ఆపేశారు. నాన్న కిటికీలోంచి చూస్తూ, "అబ్బ, ఏం మంచు" అన్నాడు. పొద్దున్నుంచీ అదే మంచు.

"నాన్నా, మనం మళ్ళీ ఊరు మారుతున్నామా?"

"గేటు దాకానే వెళ్ళలేకపోతున్నాం, ఊరెక్కడ మారతామే తల్లీ."

ఇది జవాబు కాదని ఏడేళ్ళ దానికి కూడా తెలుసు.

బెడ్రూమ్‌లోకి తొంగి చూశాను. మంచం మీద పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంది. పక్కన అమ్మ పట్టుచీరలు... ఇంకేం అనుమానం లేదు.

రొట్టె అడుగు ఎర్రగా కాలింది. ఆ కమ్మటి వాసన ఇల్లంతా. అమ్మ ముక్క తుంచి, సీసాలోంచి ఊడ్చి గిన్నెలో ఉంచిన మాగాయ వేసి, కాస్త వెన్న పెట్టి ప్లేటు నా ముందుకి జరిపింది. ఆకలి దంచేస్తోంది. అయినా వెనక్కి నెట్టేశాను.

"నాకొద్దు. నేను రాను."

"ఎక్కడికే?"

"మీరు వెళ్ళే చోటికి. నేను టిల్లీ వాళ్ళింట్లో ఉంటాను."

"వాళ్ళింట్లో పొద్దున్నే చప్పటి ఓట్స్ జావ పెడతారు. ఉంటావా మరి?" అన్నాడు నాన్న.

"ఉంటాను."

నాన్న నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. అమ్మ నా పక్కన చాప మీద కూర్చుంది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు. మనకి రెసిడెన్సీ వచ్చింది. ఇక ఇక్కడే ఉంటాం. చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాం."

"అబద్ధం. సూట్‌కేసు సర్దుతున్నావు."

"సర్దట్లేదే, విప్పుతున్నాను. ఎప్పుడు వెళ్ళిపొమ్మంటారో అని ఇన్నేళ్ళూ అసలు విప్పనేలేదు."

"మరి డబ్బాలు?"

"అదీ అంతే. ఏ కష్టమొచ్చినా పిల్లకి నాలుగు రోజులు గడవాలని అన్నిట్లో కాస్త దాచేదాన్ని. ఇక ఎందుకు? తినేద్దాం."

అప్పుడు తిన్నాను... పైన కరకర, లోపల మెత్తన, మాగాయ పులుపుకి కళ్ళు మూతలు పడ్డాయి. టిల్లీ ఎక్కడికీ పోదు. అంత రుచైన రొట్టె మళ్ళీ తినలేదు.

కానీ తింటూ అమ్మని చూశాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందని అడిగితే, "పొగే" అంది. ఆ హీటర్‌కి గొట్టం ఉంది, పొగంతా పైకే పోతుంది. గదిలో పొగ లేదు.

నాన్న రేడియో ట్యూన్ చేస్తున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. నాకు కావలసింది దొరికింది కదా...

ఇప్పుడు ఇంటికి దూరంగా పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ రుబ్బిన పిండి కూడా ప్యాకెట్లో దొరుకుతుంది. ఎవరూ ఏదీ దాచుకోనక్కర్లేదు. అడుగున గుప్పెడు మిగిల్చే అలవాటు నాకూ రాలేదు, నా ఫ్లాట్‌లో అన్నీ సగం చించిన ప్యాకెట్లే. ఆ అనుమానం మాత్రం మిగిలిపోయింది... ఉండిపోవడం నాకు పండగైతే, అమ్మకి ఏమిటి? తను ఆ సూట్‌కేసు అన్నేళ్ళూ విప్పకపోవడం నిజంగా భయంతోనేనా, ఎప్పటికైనా మన ఊరు తిరిగి వెళ్ళొచ్చన్న ఆశతోనా?

మీ ఇళ్ళల్లో కూడా చలిరోజున అమ్మ ఉన్నట్టుండి ఏదో ఇష్టమైనది వండి, ఎందుకో చెప్పని రోజు ఒకటి ఉండే ఉంటుంది. ఉంటే కింద రాయండి, చదువుతాను.

నేనైతే రేపు పొద్దున్నే, అమ్మ కాఫీ కలుపుకునే వేళకి ఫోన్ చేసి అడుగుతాను.