ఎక్కడ పర్లేదు?

మా పాప పుట్టిన ఎటోబికో హాస్పిటల్లో ఒక నర్సు ఉండేది. జమైకా ఆవిడ. గదిలోకి రాగానే కుర్చీని కాలితో మంచం పక్కకి లాక్కుని, కూర్చున్నాకే నోరు విప్పేది.

కాన్పైన రోజు వార్డులో నర్సులు తక్కువ. వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడి "ఆల్ గుడ్?" అనేవాళ్లు. నేను "గుడ్" అనేదాన్ని. అంతే, వెళ్లిపోయేవాళ్లు. ఎవరైనా అడిగితే బాగున్నామనడమే కదా మనకి మర్యాద.

మర్నాడు మధ్యాహ్నం ఈవిడ వచ్చి కూర్చుని, ఎలా ఉందని అడిగింది. నిద్రమత్తులో "పర్లేదు" అనేశాను.

"ఆ మాట నాకు తెలుసు. మీ తెలుగువాళ్లంతా అదే అంటారు. ఎక్కడ పర్లేదు? తలా, కడుపా?"

నవ్వొచ్చింది. "తలే. కళ్లు కూడా కాస్త మసకగా ఉన్నాయి."

ఆవిడ మాత్రం నవ్వలేదు. బీపీ చూసి, బాగా ఎక్కువగా ఉండటంతో వెంటనే డాక్టర్ని పిలిపించింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టర్ తర్వాత చెప్పాడు.

ఆ మర్నాడు థాంక్స్ చెప్తే ఆవిడ ఒప్పుకోలేదు. "నిన్న మేం సరిపడా ఉన్నాం కాబట్టి కూర్చున్నాను. లేకపోతే గట్టిగా అడిగేవాళ్ల దగ్గరికే పరుగెడతాం. మీవాళ్లు అడగరు. మా నల్లవాళ్లు అడిగితే గొడవ చేస్తున్నారంటారు."

డిశ్చార్జ్ రోజు మళ్లీ నర్సులు తక్కువ. ఆవిడ తలుపు దగ్గర్నుంచే చెయ్యూపింది.

"మీరెలా ఉన్నారు?" అన్నాను.

"పర్లేదు," అంటూ పక్క గదికి పరుగెత్తింది.