చెలమ నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఉన్నది ఒకటే బడి, అది మిషన్ వాళ్లది. మా ఊరు ఆలూరుకు నాలుగు మైళ్లు. బడంటే వంక ఒడ్డున, బండలు పరిచిన ఒకే గది. మాది పొలాలున్న ఇల్లు. వేరే గతి లేక మా నాయన నన్ను అక్కడ చేర్చాడు. మా అవ్వ మాత్రం ఒక షరతు పెట్టింది: "సదువుకో పాపా, గానీ ఆడ నీళ్లు ముట్టొద్దు." అందుకని రోజూ ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో ఇత్తడి చెంబు పట్టుకుని బడికి పోయేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లను, ఆ చెంబు మోసుకెళ్లడం గొప్పగానే ఉండేది.

మా టీచరమ్మ పొద్దున ప్రార్థనలో మా అందరి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పేది. ఉత్త పేరు కాదు, ప్రతి పేరుకూ ఒక మంచి మాట జత చేసేది. ఫలానా బిడ్డ నిన్న కుంటి మేకపిల్లను ఎత్తుకొచ్చింది ప్రభువా, ఫలానా బిడ్డ ఎక్కాలు తప్పినా ఏడవలేదు ప్రభువా, అని. కళ్లు మూసుకుని మా వంతు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లం. మా ఇళ్లల్లో మమ్మల్ని అంతగా గమనించేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకో పద్ధతి కూడా పెట్టింది. బడి కుండ నింపే పని రోజుకొకరిది. ఆ రోజు నీళ్లు తెచ్చిన బిడ్డే బడికి పెద్ద. మధ్యాహ్నం గంట కొట్టాక అందరినీ పేరుపేరునా పిలిచి, ఆ బిడ్డే గ్లాసుతో నీళ్లివ్వాలి. ముందుగా టీచరమ్మే తాగేది.

వంక అవతలి గుడిసెల్లో ఉండే ఒక పిల్ల నాకంటే ఏడాది చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. ఆ గుడిసెల వాళ్లు ఊళ్లో ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలే తప్ప, వాళ్ల చేత్తో ఒకరికి ఇవ్వడమనేది లేదు. ఆ పద్ధతి పెట్టాక మొదటి వంతు అలాంటి పిల్లకే వచ్చింది. ఆ రోజు తెల్లవారక ముందే లేచి, వంక ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు తేరుకునే దాకా కాచుకుని, చిప్పతో తోడి, గుడ్డలో వడగట్టి కుండ నింపిందట. తలకు నూనె రాసుకుని, ఉతికిన లంగా కట్టుకుని వచ్చింది.

అందరికీ ఇచ్చి, చివరికి నా దగ్గరికి వచ్చింది. "తాగక్కా, తేటగుండాయి." టీచరమ్మ చూస్తోంది. వద్దనడానికి నోరు రాలేదు. గ్లాసు తీసుకుని, నీడలో తాగుతానన్నట్టు గోడ వెనక్కి పోయి, నీళ్లన్నీ నేలమీద పారబోశాను. మూతి తుడుచుకుంటూ వచ్చి గ్లాసు తిరిగి ఇచ్చాను.

"సల్లగుండాయా అక్కా?"

"శానా సల్లగుండాయి."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అవ్వ మాటా దక్కింది, టీచరమ్మ దగ్గరా మాట పోలేదనుకున్నాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా అంత ధీమా ఉండదు. వాన చుక్క ఎరుగని ఆ నేలమీద గ్లాసుడు నీళ్లు దాగుతాయా? కాసేపటికి ఆ పిల్ల గోడ వెనక్కి పోయింది. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. తడిసిన మట్టి దగ్గర కూర్చుని, దానిమీద అరచెయ్యి పెట్టింది. తర్వాత నావైపు చూసింది. వెనకాలే వచ్చిన టీచరమ్మ కూడా అంతా చూసింది.

మర్నాడు ప్రార్థనలో నా పేరు వచ్చేసరికి కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను. టీచరమ్మ ఎప్పటిలాగే నెమ్మదిగా అంది: ఈ బిడ్డకు ఎదుటివాళ్ల ముఖం మీద వద్దనడానికి మనసు రాదు ప్రభువా, ఆ మనసును ఇంకొంచెం పెద్దది చెయ్యి. నాలో కూడా ఒక మంచి వెతికింది ఆమె. బెత్తంతో కొట్టి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని, ఆ బిడ్డకు మళ్లీ వంతు వస్తుంది, అప్పుడు తాగుదువులే అంది. తాగాలనే నిశ్చయించుకున్నాను. అవ్వ తిట్టినా సరే అనుకున్నాను. అప్పుడే పోయి క్షమించమని అడగవలసింది, కానీ సిగ్గేసి వంతు కోసమే కాచుకున్నాను.

వంతు ఇంక నాలుగు రోజులుందనగా, ఆ గుడిసెల వాళ్లంతా పనుల కోసం తుంగభద్ర వైపు వలస పోయారు. ఆ పిల్ల కూడా పోయింది. నాలుగో రోజున టీచరమ్మ, ఆ బిడ్డ వచ్చేదాకా ఆమె వంతు అలాగే ఉంచుదామని చెప్పి, తనే కుండ నింపింది.

రెండు నెలల తర్వాత వాళ్ల నాయన ఒక్కడే బడికి వచ్చాడు. గడప బయటే నిలబడి, పలక కింద పెట్టాడు.

"మీ పలక టీచరమ్మా. చలిజరం వచ్చి మా పాప పోయిందమ్మా. జరంలో గూడా, బడికి పోవల్ల, నా వంతు వస్తాండాది అని ఒకటే పలవరింత."

టీచరమ్మ గడప మీదే కూలబడింది. ఆమె ఏడవడం చూడటం అదే మొదటిసారి. నేను లేచి, కుండలోంచి గ్లాసు నింపి ఆయనకు అందించాను. ఆయన బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. "వొద్దు తల్లీ, నువ్వు పెద్దోళ్ల బిడ్డవి," అని వంగి దోసిలి పట్టాడు. ఎంత బతిమాలినా గ్లాసు ముట్టలేదు. ఏడుస్తూనే ఆ దోసిట్లో పోశాను. ఆ పిల్ల పోయిందనే దుఃఖం ఒకటైతే, ఆ దోసిలి ఇంకొకటి. రెండూ ఈ రోజుకీ తగ్గలేదు.

ఇప్పుడు ఎవరింటికి పోయినా, ఎవరు నీళ్లిచ్చినా, దాహం ఉన్నా లేకపోయినా చివరి చుక్క దాకా తాగుతాను. ముసలిదానికి ఎంత దప్పికో అని పిల్లలు నవ్వుతారు. తాగి, చల్లగా ఉన్నాయమ్మా అని ఇచ్చినవాళ్లకు తప్పకుండా చెబుతాను. ఎందరికి చెప్పినా, ఆ మాట నిజంగా వినవలసిన పిల్లకు మాత్రం అబద్ధమే చెప్పాను.