ఆఖరు పేజీ రేపు

గురువారం పొద్దున్న, రికార్డింగు వాళ్లకి పంపాల్సిన డైలాగులు ముందేసుకుని కూర్చుని ఉండగా నరసాపురం నుంచి ఫోను వచ్చింది. చేసింది చర్చి పెద్ద ఒకాయన. "మాస్టారు ప్రభువునందు నిద్రించారండి. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. మీకు తప్పకుండా చెప్పమన్నారు అమ్మగారు" అన్నారు. సరేనండి అన్నాను. ఫోను పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, అంతే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నరసాపురం దగ్గర ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. నేను రాజమండ్రిలో ఉంటూ విదేశీ టీవీ సీరియళ్లకు తెలుగు డైలాగులు రాస్తుంటాను. తెర మీద వాళ్ల పెదాలు కదిలే తీరుకు సరిపోయేలా మన మాట పెట్టాలి. ఆ పని నాకు కాస్తయినా చేతనైందంటే అది ఆయన చలవే.

మా క్లాసులో సగం మందిమి కూలీల పిల్లలం. నాట్ల రోజులొస్తే బెంచీలు ఖాళీ అయిపోయేవి. దానికి మాస్టారు కనిపెట్టిన మందు దెయ్యం కథ. ఆఖరి పీరియడ్‌లో ఏదో ఇంగ్లీషు పుస్తకం తెరిచి, పాడుబడ్డ బంగళా, వదలని వాన, మెట్ల మీద అడుగుల చప్పుడు, అన్నీ తెలుగులో చెప్పుకొచ్చేవారు. సరిగ్గా ఆఖరు పేజీ దగ్గర పుస్తకం మూసేసి "ఇది రేపు" అనేవారు. ఇక మర్నాడు ఎవరు చేలోకి రమ్మన్నా మేం కదిలేవాళ్లం కాదు. మా అమ్మ ఒకసారి బడి దాకా వచ్చి దెబ్బలాడింది. "ఆ చివరేదో ఇవాళే చెప్పి పంపెయ్యండి మాస్టారూ, రేపు దీన్ని నాట్లకి తీసుకెళ్లాలి" అంది. "చివర చెప్పేస్తే మీ అమ్మాయి ఇక రాదమ్మా" అన్నారాయన. దెయ్యాల గొడవ పాస్టరుగారికీ నచ్చేది కాదు. "మీ ప్రసంగానికి రాని పిల్లలు కూడా దీనికి వస్తున్నారండి" అని ఆయన్నీ నవ్వుతూనే సాగనంపారట.

కిందటేడు నుంచి మాస్టారు గుండె జబ్బుతో ఇంటిపట్టునే ఉన్నారు. డైలాగు ఎక్కడైనా కుదరకపోతే నేను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పాసింజరెక్కి వెళ్లేదాన్ని. మాస్టారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ గుమ్మం పక్కన కూర్చుని లేసు అల్లుకుంటూ వినేవారు. కథ ఎంత భయంగా ఉన్నా ఆవిడ సూది ఆగేది కాదు. మాస్టారు మాత్రం "ముందు సౌండు తీసెయ్యమ్మా" అనేవారు. మూగబొమ్మను చూస్తూ, ఆ మనిషి ఏమంటోందో తన నోటితో అనుకుని చూసుకునేవారు. నేను రాసింది చదివితే, "ఆ పిల్ల వణికిపోతోంది. వణుకుతున్న మనిషి ఇంత పొడుగు మాట అనదు" అని సగం కొట్టేసేవారు. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చి చూసుకుంటే ఆయన చెప్పిందే సరిపోయేది.

సోమవారం నేను తీసుకెళ్లింది, కాలంలో వెనక్కి వెళ్లే మనుషుల సీరియల్లో ఒక ఎపిసోడ్. ఈ కాలపు అమ్మాయి ఒకతె ఎప్పటిదో పాత బంగళాలోకి వెళ్తుంది. అక్కడ వయసులో ఉన్న ఒక వితంతువు తన మొదటి దెయ్యం నవల రాస్తుంటుంది. ఆమె పగలు రాసింది చీకటి పడేసరికి నిజంగానే మెట్లెక్కి వస్తుంటుంది. నవల పూర్తయితే తప్ప అది పోదు. ఆమెకేమో ముగింపు తోచదు. మన అమ్మాయి ఆ నవలను బడిలో చదివే ఉంది. "చివర ఏమవుతుందో నీకు తెలుసుగా, చెప్పు" అని ఆ రచయిత్రి ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుంటుంది. చెబితే ఆ పుస్తకం ఇక ఆమెది కాదు. చెప్పకపోతే మెట్ల మీద ఉన్నది గదిలోకి వచ్చేస్తుంది.

అక్కడికి వచ్చేసరికి మాస్టారికి ఆయాసం మొదలైంది. ఇక చాలన్నారు అమ్మగారు. నేను లాప్‌టాప్ మూసేశాను.

"చెబుతుందా, చెప్పదా? అదొక్కటీ చెప్పి వెళ్లమ్మా" అన్నారు మాస్టారు.

ఇన్నేళ్లకి దొరికారు అనుకున్నాను. "ఇది రేపు మాస్టారూ" అన్నాను.

దగ్గొచ్చేదాకా నవ్వారు. "నా మందు నాకే పోస్తున్నావా" అన్నారు.

మర్నాడు నేను వెళ్లలేదు. రికార్డింగులో మార్పులున్నాయన్నారు. బుధవారమూ అదే గొడవ. ఫోనులో రెండు ముక్కలు చెప్పొచ్చు. ఎదురుగా చెప్పి ఆయన ముఖం చూద్దామనుకున్నాను. గురువారం ఆ ఫోను వచ్చింది.

భూస్థాపన అయ్యి జనం వెళ్లిపోయాక ఇంట్లో అమ్మగారి పక్కన కూర్చున్నాను. "రెండు రోజులూ పొద్దున్నే గడ్డం గీసుకున్నారమ్మాయ్" అన్నారావిడ. "అమ్మాయి వస్తుంది, కుర్చీ కిటికీ దగ్గర వెయ్యి అన్నారు. నువ్వు రాకపోయేసరికి, 'నేను నేర్పిన పనేలే' అన్నారు." ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలికగా ఉండేది.

ఆయన రేపు అన్నాక మర్నాడు బడికి రాని రోజు ఒక్కటీ లేదు. జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చి, ఆ ఒక్క పేజీ చదివి వెళ్లిన రోజు కూడా ఉంది. ఆయన దగ్గర నేను పుస్తకం మూయడం ఒక్కటే నేర్చుకున్నాను. మర్నాడు రావడం నేర్చుకోలేదు.

సంచిలోంచి ఆఖరు డైలాగుల కాగితం తీశాను. "ఆయనకి చెప్పలేకపోయాను. మీకైనా చదువుతానండి" అన్నాను. అమ్మగారు కాగితాన్ని మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టారు. ఖాళీ ఇంటిని ఒకసారి చూశారు.

"ఇవాళొద్దులే అమ్మాయ్. రేపు చదువు" అన్నారు.

రాజమండ్రి బండి ఎక్కకుండా ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. పొద్దున్న లేచేసరికి అమ్మగారు కిటికీ దగ్గర, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, ఎదురుగా నాకోసం వేసి ఉంచిన ఇంకో కుర్చీ చూపించారు. ఒళ్లో సగం అల్లిన లేసు ఉంది. సూది కదలడం లేదు.