ఖాళీ గోలెం లెక్క

నిజాం రోజుల్లో పట్నంలో కాలేజీ చదివి సెలవులకు సిద్దిపేట వచ్చినవాడు ఇంట్లో కొన్నాళ్లు కొత్త అల్లుడిలా బతికేవాడు. నేనూ బతికాను, గోలెం ఖాళీ అయ్యేదాకా. లెక్కలు ఉర్దూలో నేర్చుకున్నాను కాబట్టి ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేవి కావు (నాకు అర్థమయ్యేవా అని ఎవరూ అడగలేదు). ఆ ఏడు నేర్చిన గొప్ప సంగతి ఒకటే: ఒక మార్పు ఎక్కడ మొదలైందో, ఏ స్థితిలో ఎంత వేగంగా సాగుతుందో చెబితే చాలు, అది నడిచే దారి ఒకటుంటుంది, ఒక్కటే ఉంటుంది. ఈ మాట ఇంటిల్లిపాదికీ వినిపించి ఉంచాను.

మా మగ్గాల పనికి నీళ్లు పెరట్లో పెద్ద మట్టి గోలెంలో ఉండేవి. అడుగున బొక్కకు గుడ్డపేలిక కూరేవాళ్లం. ఆ ఎండాకాలం ఒకరోజు వదిన పొద్దున్నే బావి నుంచి తోడి దాన్ని నింపింది. రెండేళ్ల తర్వాత ఆ రోజే ఆమెకు పుట్టింటికి ప్రయాణం. చిన్నకోడూరు నుంచి ఆమె అన్న బండి తెచ్చాడు. పగటి బువ్వ దాకా పెరడు ఆమె కాపలా. తర్వాత మూట కట్టుకోవడానికి లోపలికి పోతూ నాకు అప్పజెప్పింది. బండి కట్టేసరికి గోలెంలో చుక్క లేదు.

"ఎవలి కాపలాల ఖాళీ అయిందో వాళ్లే నింపాలె," అంది మా అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం). వదిన అయితే ప్రయాణం తప్పిపోతుంది. నేనైతే అరచేతుల తోలు పోతుంది. (బువ్వ తిన్నాక అక్కడే పేలిక తీసి కాళ్లు కడుక్కుని, దాన్ని మళ్లీ ఎంత గట్టిగా కూరానో గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి పెద్దగా ప్రయత్నించనూ లేదు.)

"ఎప్పుడు ఖాళీ అయిందో లెక్క కట్టి చెప్త," అని కాగితం తీశాను. నీళ్లు తగ్గేకొద్దీ కారే వేగమూ తగ్గుతుంది; అది లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ గోలెం నుంచి వెనక్కి నడిచాను. పొద్దున ఖాళీ అయిందన్నా లెక్క సరిపోయింది. ఇప్పుడే అయిందన్నా సరిపోయింది. దారి ఒక్కటే అన్న మా సిద్ధాంతానికి ఒక షరతుంది. అది సరిగ్గా సున్నా లోతు దగ్గర తప్పుతుంది, అక్కడ దారులు ఎన్నైనా ఉండొచ్చు అన్న ముక్కను పరీక్షకు చదివి, పరీక్ష గదిలోనే వదిలేసి వచ్చాను.

"ఏమొచ్చింది మరిదీ?" వదిన మూట చంకలోనే ఉంది.

"జవాబున్నది వదినా. శానా ఉన్నయి."

"గిది చెప్పనీకి కాగితమెందుకురా?" అవ్వ వంగి గోలెం కింద నేలకు అరచెయ్యి ఆనించింది. "గీ ఎండకు తడి గడియసేపుండదు. గీడ ఇంక బురదే ఉన్నది. నువ్వు పో బిడ్డా," అని వదినతో అని, నాకు చేంతాడు చూపించింది.

"లెక్క జేసుకుంట తోడు మరిదీ, అలుపు దెల్వదు!" బండిలోంచి వదిన.

తర్వాత ఎన్నో ఏళ్లు అదే సిద్ధాంతం కాలేజీలో పిల్లలకు చెప్పాను. షరతు దగ్గరికి రాగానే నా అరచెయ్యి దానంతటదే బల్ల మీద ఆనేది. ఆనాడు కాగితం మీద ఒక్క జవాబే, నాకు అనుకూలమైనదే వచ్చి ఉంటే, ఆ కుర్రవాడు దాన్ని బిగ్గరగా చదివి, వదిన బండిని వెనక్కి పంపి ఉండేవాడా? ఈ లెక్కకు మాత్రం జవాబు ఒక్కటే. అది నాకు తెలుసు. అవ్వకు ఇంకా ముందే తెలుసు.