వంతెన దగ్గర అన్న ఆగిన గంట

నా తెలుగు గొప్పది కాదు. ముందే మన్నించమని కోరుతున్నాను. పదో తరగతి రాత్రి బడిలోనూ, బి.ఏ. దూరవిద్యలోనూ పూర్తిచేసినవాణ్ణి. వాక్యం కట్టడం ఆలస్యంగా నేర్చుకున్నాను. అయినా కువైట్‌లోని మన తెలుగువారికి రాస్తున్న ఈ నాలుగు మాటలు మరొకరిచేత రాయించడం నాకు సమ్మతం కాదు.

సబా అల్ సలేంలో, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా పాత కఫీల్ ఇంట వంట చేసే అన్న చనిపోయి పన్నెండు రోజులయింది. అహ్మదిలో, నేను ఇప్పుడు నడిపే కంపెనీ బస్సు నుంచి కార్మికులను దించుతుండగా పక్కింటి డ్రైవరు ఫోను చేసి, మీ అన్న తలుపు తీయడం లేదన్నాడు. గంట తర్వాత మళ్ళీ చేసి, "ఖలాస్, భాయ్, అయిపోయింది" అన్నాడు. ఇంటివారు వేసవికి ఐరోపా వెళ్ళారు. అన్న ఒక్కడే ఇల్లు కాస్తూ వంటగదిలో కూలిపోయాడు.

ఆయనది కడప, నాది కోనసీమ. ఆ ఇంట్లో పదకొండేళ్ళు కారు నడిపినప్పుడు ఆయన చేతి కూడే తిన్నాను. నా పరీక్షల రోజుల్లో కంచం మూతపెట్టి ఉంచి, ఉల్లిపాయలు తరుగుతూ, "చదివింది చెప్పప్పా, అప్పుడే కూడు" అనేవాడు. మీకు అర్థం కాదన్నా అంటే, "నాకెందుకు? చెప్పేవానికి అర్థమైతే చాలు" అనేవాడు. నేను పట్టా పొందిన నాటి నుంచి నన్ను 'బీఏ' అనే పిలిచాడు. వంటగదిలో ఉన్నా చొక్కా జేబులో గుర్తింపు కార్డు ఉండవలసిందే. "అడిగేలోపల చూపించాల. అడిగినాక చూపిస్తే దొంగ మాదిరి ఉంటాది" అనేవాడు.

ఒక వేసవిలో కఫీల్ కుటుంబం ఆస్ట్రియా వెళుతూ మమ్మల్ని కూడా తీసుకువెళ్ళింది. వంటకు అన్న, కారుకు నేను, పిల్లలను చూసుకోవడానికి, మేము చెల్లెలు అని పిలుచుకునే రాయచోటి అమ్మాయి. ఒకనాడు వారంతా పడవ షికారుకు వెళుతూ నాలుగు గంటల వరకు మాకు సెలవిచ్చారు. బసలో ఉన్న సైకిళ్ళు మూడు తీసుకొని, నది వెంట బయలుదేరాం. ఒక వంతెన వస్తుందనీ, అవతల జర్మనీయేననీ అక్కడి పనివాడు చెప్పాడు. అన్న ఇరవై ఏళ్ళుగా సైకిల్ ఎక్కలేదు. ప్యాంటు గొలుసులో పడకుండా వంటగది దారంతో కాళ్ళ దగ్గర కట్టుకున్నాడు. చెల్లెలు అందరికంటే ముందు. "బడికి సైకిల్లోనే పోయినదాన్ని. మీరు పెండ్లికి నడిచినట్టు వస్తాండారే" అని వెక్కిరించింది.

వంతెన మొదట్లో మూసి ఉన్న ఒక చిన్న తనిఖీ గది, దాని పక్కన ఒక బోర్డు. అన్న దిగి, చొక్కా సర్దుకొని, కువైట్ కార్డు చేతిలో పట్టుకొని నిలుచున్నాడు. మా పాస్‌పోర్టులు మామా, అంటే ఇంటి యజమానురాలి, సంచిలో ఉన్నాయి.

"ఎవురూ లేరన్నా, పా పోదాం" అంది చెల్లెలు.

"నిల్చుకో పాపా. లోపల టీ తాగుతుంటాడు, వస్తాడు."

"అద్దానికి సాలెగూడు పట్టింది. ఆ టీ తాగేటోడు ఎప్పుడో ముసిలోడై పోయుంటాడు."

అన్న నా వైపు తిరిగి, "బీఏ, ఆ బోర్డు మీద ఏముందో చదువప్పా" అన్నాడు.

నాకు జర్మను రాదు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. "ఇక్కడ ఆగాలని రాసి ఉందన్నా" అన్నాను.

గంటసేపు ఆగాం. చివరికి ఒక ముసలావిడ కుక్కతో వచ్చి, మాకేసి తల ఊపి, ఆగకుండా దాటిపోయింది. చెల్లెలు బోర్డు దగ్గరికి పోయి చూసింది. "కింద కుక్క బొమ్మ ఉందన్నా. కుక్కను తాడు కట్టి తీసుకపొమ్మని ఉంటాది. మనకెందుకు?"

అన్న కార్డు జేబులో పెట్టుకున్నాడు. "పోనీలే. ఆ మాత్రం జర్మను నాకూ వచ్చు" అన్నాడు. మర్యాద కోసం సైకిల్ నడిపించుకుంటూనే వంతెన దాటాడు.

అవతల ఆపిల్ చెట్లు, పల్లంలోకి జారే దారి, దూరంగా ఒక ఊరు. ఆయన చాలాసేపు చూశాడు. "అడిగేవాడు లేని నేల ఇంతవరకూ చూడలే. ఆ ఊరిదాకా పోయొద్దామా బీఏ?"

గడియారం చూశాను. "టైము లేదన్నా. మామా వచ్చేస్తారు. వచ్చే ఏడు వెళ్దామండి."

"సరే. నువ్వు చెప్తే సరే."

అన్న కట్టుకొచ్చిన చిత్రాన్నం నిలబడే తిని వెనుదిరిగాం. మరుసటి ఏడు నుంచి ఆయనను ఇంటి కాపలాకు వదిలి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ దారిలో ఆయన ఊరిదాకా దిగవలసిన గంటను, రాని బోర్డు చదివినట్టు చెప్పి నేనే పోగొట్టాను. ఈ మాట ఆయన బతికుండగా చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు ఆయన దేహం శవాగారంలో ఉంది. పాస్‌పోర్టు ఆ ఇంటి ఇనప పెట్టెలో ఉంది, దాని తాళంచెవి ఐరోపాలో ఉంది. పాస్‌పోర్టూ, కఫీల్ సంతకమూ లేనిదే ఊరికి పంపే కాగితం కదలదన్నారు. ఫోను చేస్తే కఫీల్ నిజంగానే ఏడ్చారు. నెలాఖరుకు వస్తామన్నారు. నా అరబ్బీ బండి నడిపే అరబ్బీ. కుడి, ఎడమ, ఆగు, యల్లా అంటే పద. ఒక మనిషి కోసం బతిమాలడానికి అది చాలడం లేదు. చదువుకున్నానన్న మాట ఈ పన్నెండు రోజుల్లో నాకు ఎక్కడా అక్కరకు రాలేదు.

కనుక మీలో అరబ్బీ చక్కగా వచ్చినవారు ఎవరైనా ముందుగా దీన్ని మా కఫీల్‌కు చదివి వినిపించండి. ఎవరినీ నిందించలేదని చెప్పండి. తర్వాత రిగ్గైలో పనిచేస్తున్న మా చెల్లెలికి చేర్చండి. ఆమె ఫోనులో కడపలో ఉన్న అన్న భార్యకు, మా వదినకు చదువుతుంది. చెల్లీ, చదివేటప్పుడు శవాగారం మాట మాత్రం దాటెయ్యి తల్లీ. కబురందిన రోజే వదిన ఇంటి ముందు షామియానా వేయించింది. ఐదోనాడు అద్దెవాళ్ళు వచ్చి గుడ్డ విప్పుకుపోయారు. అన్న వచ్చేదాకా గుంజలు మాత్రం పీకవద్దని చెప్పిందట. నాలుగు గుంజలూ వాకిట్లో అలాగే నిలబడి ఉన్నాయి, పైన ఏమీ లేకుండా.